పాత రేడియో పెట్టె: మిషన్ పెట్టేముందు ఒక చుక్క స్పిరిట్

ప్రశ్న: మా నాన్నగారి వాల్వ్ రేడియో ఒకటి ఇంట్లో ఉంది. చెక్క పెట్టె. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉండడంతో పాలిష్ అంతా నల్లబడి, మొసలి చర్మంలా సన్నగా పగిలిపోయింది. పైన గ్లాసు పెట్టిన తెల్లటి గుండ్రటి మచ్చ ఉంది. కింద ఒక మూల పైపొర లేచింది, వేలితో తాకితే కదులుతోంది. తెలిసిన కార్పెంటర్ చూసి "మిషన్‌తో గీకేసి పీయూ పాలిష్ కొడితే కొత్తదానిలా తయారవుతుంది" అంటున్నాడు. మా తమ్ముడేమో అసలు ముట్టుకోవద్దు, పాతదనం పోతే విలువ పోతుందంటాడు. నాకేమో నేనే చేసుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? రేడియో పనిచేస్తుందో లేదో తెలియదు, ఇంకా ప్లగ్ పెట్టి చూడలేదు.

జవాబు: ప్లగ్ పెట్టకపోవడం చాలా మంచిదైంది. అలాగే ఉంచండి, ఎందుకో కాసేపట్లో చెబుతాను. ముందు మీ కార్పెంటర్ మాట తేల్చేద్దాం. అతను మిషన్ పట్టుకుని వచ్చేస్తే ఇక నేను చెప్పడానికి ఏమీ మిగలదు.

ఏ తలుపుకో, బల్లకో అయితే అతను చెప్పిన పద్ధతి నడుస్తుంది. గట్టి చెక్కను ఒక మిల్లీమీటరు గీకినా కింద మళ్లీ అదే చెక్క ఉంటుంది. రేడియో పెట్టె అలా కాదు. 1930ల నుంచి 1950ల దాకా వచ్చిన పెట్టెల్లో చాలావాటికి లోపల ఉండేది ప్లైవుడ్డో, చవకరకం చెక్కో. పైన కనిపించే వాల్‌నట్, మహాగని గీతల అందమంతా వీనీర్‌ది, అంటే పైన అతికించిన పల్చటి చెక్క పొరది. దాని మందం సాధారణంగా మిల్లీమీటరు కూడా ఉండదు. చదునుగా ఉన్న చోట మిషన్ కాసేపు నిభాయించుకోవచ్చు గానీ, అంచుల దగ్గర, గుండ్రటి మలుపుల దగ్గర చూస్తుండగానే కిందికి దిగిపోతుంది. అలా దిగిపోయిన చోట పుట్టీ పెట్టినా, రంగు పూసినా తెలిసిపోతూనే ఉంటుంది. ఆ వైపు వీనీర్ మొత్తం మార్చడం తప్ప దారి ఉండదు.

పీయూ (పాలీయురేథేన్) విషయంలో కూడా నాది అతనికి వ్యతిరేక ఓటే. గట్టిగా ఉంటుంది, నీళ్లకు తట్టుకుంటుంది, నిజమే. కానీ రేడియో మీద ఎవరూ కూరగాయలు తరగరు కదా. లక్క పాలిష్‌నీ, ఎన్‌సీ (నైట్రో సెల్యులోజ్) లాకర్‌నీ ఎప్పుడు కావాలంటే అప్పుడు వాటి సొంత ద్రావకంతో కరిగించి సరిచేసుకోవచ్చు. పీయూ ఒకసారి గట్టిపడ్డాక కరగదు, తియ్యాలంటే గీకాలి. అంత పల్చటి వీనీర్ మీద ఉన్నదాన్ని గీకడమంటే మొదటి సమస్యకే తిరిగి వచ్చినట్టు. పైగా ఆ ప్లాస్టిక్ మెరుపు పాత పెట్టెకు నప్పదు.

మీ తమ్ముడి మాటలో సగం నిజముంది. పాత పాలిష్ బాగానే ఉంటే దాన్ని ఊడదీయడం పాపమే, పాత రేడియోలు సేకరించేవాళ్లు కూడా ఒప్పుకోరు. అయితే పాలిష్ పెచ్చులుగా రాలి చెక్క బయటపడితే, తేమ నేరుగా వీనీర్‌కు తగిలి జిగురు వదులుతుంది. మీ కింది మూల ఇప్పటికే ఆ దారి పట్టింది. కాబట్టి వదిలేయకూడదు. చెయ్యగలిగినంత తక్కువ చెయ్యాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఆ పెట్టె రంగు చాలా మటుకు చెక్కలో లేదు, పాలిష్‌లో ఉంది. ఫ్యాక్టరీల్లో రంగు కలిపిన పారదర్శక లాకర్‌ను గన్‌తో చల్లేవారు. దాన్ని టోనర్ అంటారు. కాళ్లు, అంచు పట్టీలు, డయల్ చుట్టూ ఉండే ఫ్రేమ్ లాంటివి చవక చెక్కతో చేసి, పక్కనున్న వాల్‌నట్‌తో కలిసిపోయేలా వాటి మీద ముదురు టోనర్ కొట్టేవారు. పాలిష్ తీసేశారంటే ఆ రంగంతా గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. మిగిలేది పాలిపోయిన కాళ్లు, పచ్చటి పట్టీలు, మధ్యలో వేరే రంగు వీనీర్. చాలామంది అదే అసలు రంగనుకుని దాని మీద వార్నిష్ పూసి, ఫొటో తీసి అందరికీ చూపిస్తారు. పనితనం ఎంత బాగున్నా అది ఆ రేడియో ముఖం కాదు.

ఇంకో రకం పెట్టెలున్నాయి, వాటి దగ్గర మరీ జాగ్రత్త. ఖరీదైన వీనీర్ గీతల్ని సాదా చెక్క మీద అచ్చు వేసి పైన లాకర్ కొట్టినవి. ముఖ్యంగా డయల్ చుట్టూ, కింది పట్టీ మీద కనిపిస్తాయి. గీరుకుపోయిన చోట భూతద్దం పెట్టి చూడండి. ఆ గీతలు పైపైనే ఆగిపోయి, కింద ఏ గీతలూ లేని లేత చెక్క కనిపిస్తే అది అచ్చు బొమ్మే. అక్కడ థిన్నర్ తగిలిందా, అద్దుడు కాగితంతో తుడిచినట్టు పోతుంది. తిరిగి రాదు.

ఇక పని. ముందు పెట్టె ఖాళీ చేయాలి. మీరు చాలాకాలంగా కరెంటు ఇవ్వలేదు కాబట్టి లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉండదు. ఈమధ్యే ప్లగ్ పెట్టి ఉంటే ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదు. వాల్వ్ సెట్ లోపల 250, 300 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, స్విచ్ కట్టేశాక కూడా కాసేపు నిలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లలో అయితే ఛాసీకే, అంటే భాగాలన్నీ బిగించిన లోపలి లోహపు చట్రానికే, నేరుగా కరెంటు తగిలి ఉండొచ్చు, నాబ్ ఊడిన ఇనుప కడ్డీని ముట్టుకున్నా షాకే. పైగా ఇన్నేళ్ల తర్వాత పాత కెపాసిటర్లు పాడై ఉంటాయి, ఒక్కసారిగా కరెంటు ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఆ పని వాల్వ్ సెట్లు తెలిసిన మెకానిక్‌కు వదిలేయండి. పెట్టె మీ చేతిలో, ఛాసీ అతని చేతిలో ఉంటే రెండు పనులూ ఒకేసారి సాగుతాయి.

నాబ్‌లను స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, పెట్టె ముఖం మీద సొట్ట పడుతుంది. ముందు పక్కన చిన్న స్క్రూ ఉందేమో చూడండి, కొన్నిటిలో దాని మీద మైనం నింపి ఉంటుంది. స్క్రూ లేకపోతే నాబ్ వెనక ఒక మెత్తటి గుడ్డ చుట్టి, రెండు కొసలూ పట్టుకుని నిటారుగా లాగితే వచ్చేస్తుంది. నాబ్ వెనక ఉన్ను బిళ్లలుంటే జాగ్రత్తగా దాచండి. ఛాసీ బోల్టులు సాధారణంగా పెట్టె అడుగున ఉంటాయి. స్పీకర్ వైర్లు విప్పేముందు ఫొటో తీసుకోండి.

డయల్ గ్లాసు గురించి గట్టిగా చెప్పాలి. స్టేషన్ల పేర్లు, అంకెలు గ్లాసు వెనక వైపు అచ్చు వేసి ఉంటాయి. ఆ రంగు అన్నేళ్లకు పొడిబారి ఉంటుంది. తడిగుడ్డ పెట్టినా చాలు, అంకెలు గుడ్డకు వచ్చేస్తాయి. ముందు వైపు మాత్రమే తుడవండి, వెనక మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి, అంతే. పెట్టె లోపల అంటించిన కాగితం మీద వాల్వ్‌ల నంబర్లు, వాటి స్థానాలు ఉంటాయి, దానికి తడి తగలనివ్వకండి. లోపల పైభాగంలో, వాల్వ్‌ల వేడికి అడ్డంగా బూడిద తెలుపు అట్టలాంటి షీటు ఉంటే అది ఆస్బెస్టాస్ కావచ్చు. గీకొద్దు, రుద్దొద్దు, ఉన్నచోటే ఉండనివ్వండి.

స్పీకర్ ముందున్న గుడ్డ ఊడదీయగలిగితే దాని బోర్డుతో సహా తీసి పక్కన పెట్టండి. ఉతకాలని మాత్రం అనుకోకండి. ముడుచుకుపోతుంది, మళ్లీ అదే చట్రానికి సరిపోదు.

ఇప్పుడు ఆ ఒక్క చుక్క. మీ పెట్టె మీద ఉన్నది ఏ పాలిషో తెలియకుండా ఏం పూసినా గుడ్డి దెబ్బే. వెనక అంచునో, అడుగునో, ఎవరికీ కనబడని చోట పాలిష్ ఉన్న జాగా చూసుకోండి. చెవికి వాడే దూది పుల్లను పాలిష్‌వాళ్లు వాడే స్పిరిట్‌లో ముంచి అక్కడ ఆనించి, అరనిమిషం తర్వాత తిప్పి చూడండి. పాలిష్ జిగటగా కరిగి పుల్లకు గోధుమ రంగు అంటితే అది లక్క. స్పిరిట్‌కు లొంగకపోతే పక్కన ఇంకో పుల్లతో లాకర్ థిన్నర్ పెట్టండి. దానికి కరిగితే నైట్రో సెల్యులోజ్ లాకర్, అంటే ఎన్‌సీ. 1920ల నుంచి ఫ్యాక్టరీలు దీని వైపు మళ్లాయి, త్వరగా ఆరుతుంది కాబట్టి. మీ పెట్టె మీద పగుళ్లు చూస్తే ఇదే అయి ఉంటుందని నా అంచనా. రెండింటికీ కరగకుండా ముడతలు పడితేనో, అసలు చలించకపోతేనో వార్నిషో, తర్వాత ఎవరో పూసిన కొత్తరకమో అయి ఉంటుంది.

ఏ పాలిష్ అయినా మొదటి పని శుభ్రం చేయడమే. సగం రేడియోలకు వైద్యం ఇక్కడే అయిపోతుంది. పొడి కుంచెతో దుమ్ము తీశాక, మెత్తటి గుడ్డను మినరల్ టర్పెంటైన్‌లో కొద్దిగా తడిపి చిన్న చిన్న భాగాలుగా తుడవండి. ఇది లక్కనూ లాకర్‌నూ కరిగించదు, పాత మైనాన్నీ నూనె జిడ్డునూ మాత్రం లాగేస్తుంది. గుడ్డ తిప్పుతూ ఉండండి, నల్లబడ్డ గుడ్డతోనే రుద్దితే ఆ మురికే మళ్లీ పగుళ్లలోకి పోతుంది. తర్వాత కూడా మురికి మిగిలితే సబ్బు నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒక్కసారి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తండి. లేచిన మూల దగ్గరికి మాత్రం నీళ్లు తీసుకెళ్లొద్దు. అక్కడి జిగురు సాధారణంగా జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసినదై ఉంటుంది, తడికీ వేడికీ కరుగుతుంది.

ఆ గుణమే మూల బాగుచేయడానికి పనికొస్తుంది. లేచిన పొర కింద దుమ్ము ఊది, పల్చటి కత్తి మొనతో రాలిపోయే పాత జిగురును మాత్రం తీయండి. అదే రకం జిగురును వేడి నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, ఒక పలచటి అట్టముక్కతో లోపలికి తోయండి. పాత జిగురుతో కొత్తది కలిసిపోతుంది. తెల్ల జిగురుకు ఆ సుగుణం లేదు, దానికి పాతది పూర్తిగా పోవాలి. పైన మైనపు కాగితం, దాని మీద చదునైన చెక్కముక్క, ఆపైన క్లాంప్ పెట్టి రాత్రంతా వదిలేయండి. బయటికి ఉబికిన జిగురు మెత్తగా ఉన్నప్పుడే తుడిచేయాలి, చెక్కలోకి ఇంకితే తర్వాత అక్కడ రంగు పట్టదు. ముక్క ఊడి పోయి ఉంటే కొత్త వీనీర్ ముక్కను గీతల దిశ కలిపి, రెండు కొసలూ పడవలా సన్నబడేలా కోసి పెట్టండి. గీతలకు అడ్డంగా తిన్నగా కోసిన అతుకు ఎంత బాగా చేసినా కనబడుతుంది.

ఇక పగుళ్లు. పాలిష్ పూర్తిగా రాలకుండా పగిలి మాత్రమే ఉంటే దాన్ని ఊడదీయనక్కర్లేదు, కరిగించి మళ్లీ కలపొచ్చు. ఎన్‌సీ అయితే లాకర్ థిన్నర్, లక్క అయితే స్పిరిట్. థిన్నర్‌లో కొద్దిగా రిటార్డర్ కలిపితే నెమ్మదిగా ఆరి, పగుళ్ల అంచులు ఒకదాన్నొకటి కలుపుకోవడానికి సమయం దొరుకుతుంది. పెట్టెను తిప్పి, పని చేసే వైపు ఎప్పుడూ పైకి, నేలకు సమాంతరంగా ఉండేలా చూసుకోండి. లేకపోతే కరిగిన పాలిష్ కిందికి కారుతుంది. మెత్తటి వెడల్పాటి కుంచెతో ఒక కొస నుంచి ఇంకో కొసకు ఒక్క చేత, అంటే ఒక్క పూత, అంతే. మళ్లీ అక్కడికి వెళ్లకండి. చేయి ఊరుకోదు, ఇంకొక్కసారి పూద్దాం అనిపిస్తుంది. రెండోసారి కుంచె తగిలితే మెత్తబడిన రంగు చారలు పడుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, పగుళ్లు ఇంకా మిగిలితే మర్నాడు ఇంకో చేత. ముందు మాత్రం వెనక అంచున ప్రయత్నించి చూడండి.

పని చేసే గదిలో గాలి ఆడాలి. పొయ్యి, దీపం, సిగరెట్టు, నిప్పు రవ్వలొచ్చే స్విచ్‌లు ఏవీ దగ్గర ఉండకూడదు. థిన్నర్ ఆవిరి అంటుకుంటే క్షణాల్లో మంట వ్యాపిస్తుంది. చేతికి తొడుగులు, ముఖానికి ఆవిరి ఆపే మాస్కు తప్పనిసరి. మామూలు గుడ్డ మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ థిన్నర్‌ను ఆపదు. వర్షం రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. థిన్నర్ ఆరేటప్పుడు చెక్క పైభాగం చల్లబడి గాలిలోని తేమను లాగుతుంది, పాలిష్ పాలలా తెల్లబడుతుంది.

మీ గ్లాసు మచ్చ కూడా దాదాపు అలాంటిదే, పాలిష్ పొరలో చిక్కుకున్న తేమ. పగుళ్లు కలిపేటప్పుడు అది చాలావరకు దానంతటదే పోతుంది. మిగిలితే గుడ్డకు స్పిరిట్ తగిలీ తగలనట్టు అద్ది, ఆపకుండా తేలిగ్గా మచ్చ మీదుగా పోనివ్వండి. మచ్చ తెల్లగా కాక నల్లగా ఉంటే నీళ్లు చెక్కదాకా దిగాయన్నమాట, దానికి ఈ చిట్కా పనిచేయదు.

ఇవన్నీ చేసినా పాలిష్ నిలవదనుకుంటేనే ఊడదీయడం. ముందు పెట్టెను అన్ని వైపులా పగటి వెలుతురులో ఫొటోలు తీయండి, ఏ పట్టీ ఎంత ముదురో తర్వాత అవే చెబుతాయి. కంపెనీ పేరు స్టిక్కర్‌లా అద్దినదైతే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకోండి, వీలైతే దాని చుట్టూ వదిలేయండి. ఎన్‌సీ పాలిష్‌కు డబ్బా రిమూవర్ అక్కర్లేదు, థిన్నర్‌లో తడిపిన గుడ్డను కాసేపు పరిచి ఉంచి, గీతల వెంట తుడిస్తే వచ్చేస్తుంది. రిమూవర్ వాడక తప్పకపోతే డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ అని ఉందేమో చూసి, ఉంటే వదిలేయండి. మూసిన గదిలో దాని ఆవిరి ప్రాణాలు తీసింది. ఇళ్లలో వాడే రిమూవర్లలో దాన్ని అమెరికా 2019లో నిషేధించింది. హీట్ గన్ అసలొద్దు, నైట్రో సెల్యులోజ్ భగ్గున అంటుకుంటుంది, వీనీర్ జిగురూ వదిలేస్తుంది. కాస్టిక్ సోడా నీళ్లు కూడా వద్దు, చెక్క నల్లబడి పొరలు విడిపోతాయి.

తీశాక 220 నంబరు శాండ్‌పేపర్‌ను చేత్తో, గీతల వెంట, తేలిగ్గా. అంచుల మీద అది కూడా వద్దు. వాల్‌నట్, మహాగని చెక్కలకు సన్నటి రంధ్రాలుంటాయి. అద్దంలా నున్నగా కావాలంటే ముదురు రంగు గ్రెయిన్ ఫిల్లర్‌ను గీతలకు అడ్డంగా రుద్ది, మిగిలింది తుడిచి, బాగా ఆరనివ్వాలి. తర్వాత ఒక చేత సీలర్ (చెక్కను మూసే తొలి పూత), ఆపైన టోనర్. టోనర్‌ను కుంచెతో వేస్తే చారలొస్తాయి, స్ప్రే కావాలి. పల్చగా, ఒక్కో చేత ఆరాక చూసుకుంటూ వెళ్లండి, ముదురు చేయడం తేలిక, వెనక్కి రావడం కష్టం. స్ప్రే లేకపోతే లక్క పాలిష్‌లోనే స్పిరిట్‌కు కరిగే రంగు కలిపి గుడ్డ ముద్దతో పూయొచ్చు. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. లీటరు స్పిరిట్‌కు 120 గ్రాముల లక్క పలుకులు వేస్తే పల్చటి పాలిష్ వస్తుంది, దాంతో ఎన్ని చేతలైనా వేసుకోవచ్చు. కలిపి ఏడాది దాటింది వాడకండి, ఎన్నాళ్లయినా జిగట పోకపోవచ్చు. అనుమానముంటే గాజుముక్క మీద ఒక చుక్క వేసి మర్నాడు గోరు గుచ్చి చూడండి.

ఆఖరి చేత వేశాక రెండు మూడు వారాలు ముట్టుకోకుండా ఉంచితేనే గట్టిపడుతుంది. అప్పుడు మెరుపు ఎక్కువైందనిపిస్తే సన్నరకం నైలాన్ ప్యాడ్‌తో గీతల వెంట తేలిగ్గా రుద్ది, మైనం పట్టించండి. చాలామంది 0000 స్టీల్ ఊల్ వాడమంటారు, పనితనం దాందే బాగుంటుంది కూడా. కానీ దాని ఇనుప నలక ఒక్కటి పెట్టెలో మిగిలినా స్పీకర్ అయస్కాంతం లాక్కుంటుంది. కాయిల్ సందులోకి పోయిందంటే రేడియో గరగరమంటుంది, ఆ నలకను బయటికి తీయడం మహా కష్టం. వాడాలనే ఉంటే స్పీకర్ ఇంకో గదిలో ఉండాలి, పెట్టె లోపల వాక్యూమ్ పట్టాకే బిగించాలి.

ఛాసీ తిరిగి బిగించేది థిన్నర్ వాసన పూర్తిగా పోయాక. వెనక అట్ట విరిగిపోయి ఉంటే దాని బదులు మూసేసే ప్లైవుడ్ కొట్టకండి. ఆ అట్టకు రంధ్రాలు అలంకారానికి పెట్టలేదు, వాల్వ్‌ల వేడి వాటిలోంచే బయటికి పోవాలి. కొత్తది చేయిస్తే పాతదాన్ని పైన పెట్టి, అవే చోట్ల, అంతే సైజులో రంధ్రాలు వేయించండి. రేడియోను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదిలి పెట్టండి.